వంకాయ రంగు మంద

చదివేవాళ్లు కోప్పడకూడదని ముందే చెప్పుకుంటున్నాను. నేను ఐదో తరగతి ఎలాగో గట్టెక్కి బడి మానేసినదాన్ని. సంతకం చేయడానికి, బస్సు బోర్డు చదవడానికి, గొర్రెల మందు డబ్బా మీద పేరు చూసుకోవడానికి తప్ప నా చదువు ఎక్కడా పనికిరాలేదు. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఒత్తులు ఎక్కడ పోతాయో, దీర్ఘాలు ఎక్కడ ఊడిపోతాయో నాకే తెలియదు. కానీ చెప్పబోయే సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. ఒక పెద్ద నాయకుడి వల్ల పార్టీకి ఓట్లు ఎలా వస్తాయో, అదే మనిషి వల్ల ఎలా పోతాయో నేను టీవీలో వినలేదు. పోటీలో నిలబడి చూశాను.

మాది మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో రోడ్డుకు కాస్త లోపలికి ఉండే ఊరు. పుట్టింట్లోనూ గొర్రెలే, అత్తింట్లోనూ గొర్రెలే. పంట కోసుకున్నాక రైతులు మా మందను పిలుస్తారు. రాత్రంతా గొర్రెలు వాళ్ల పొలంలోనే పడుకుంటాయి. వాటి పెంట, వాటి మూత్రం ఆ నేలకు ఎరువు. దాన్నే మేము మంద కట్టడం అంటాం. ఇప్పుడు ఎన్ని రకాల ఎరువు బస్తాలు వచ్చినా, మంద కట్టిన చేను వేరు, కట్టని చేను వేరు అని మా మెట్ట రైతులకు తెలుసు. అందుకని మేము అన్ని వీధుల వాళ్లకూ కావలసినవాళ్లమే. ఏ ఇల్లు ఏ పార్టీ అని చూసి మంద తోలిన రోజు మా మామగారి కాలంలో లేదు, మా కాలంలోనూ లేదు.

పడమటి వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. నాకు చుట్టం కాదు, కానీ వరసకు మామ. అందరం ఆయన్ను పెద్దమామ అంటాం. ప్రతి ఏడాదీ మంద మొదట ఆయన చేలోకే పోవాలి. అది అలవాటు. ఆయనదీ, ఆయన వీధిదీ మాకు అవతలి పార్టీ. ఆ వీధిలో చాలా ఓట్లు ఉన్నాయి.

ఇక మా పార్టీ పెద్ద నాయకుడు. పేరు రాయను, మీరూ వెతకొద్దు. ఆయన సంగతి ఏమిటంటే, ఆయన గురించి ఊరికే ఉండే మనిషి ఉండడు. మా గడ్డన, అంటే మా గొర్రెల కాపరుల వీధిలో, ఆయన ఫోటో దేవుడి పటాల పక్కన ఉంటుంది. పడమటి వీధిలో ఆయన టీవీలో కనబడితే చానెల్ మారుస్తారు. పొదిలి సంతలో పెళ్లి సంబంధం మాటలు నడుస్తూ నడుస్తూ ఆయన పేరు రాగానే ఆగిపోయాయని మా చిన్నమ్మ చెప్పింది. పని చేస్తాడు, నేను కాదనను. నోరు ఊరుకోదు, అదీ నేను కాదనను. మా ఇంటాయన మాత్రం రెండోది ఒప్పుకోడు. ఆయనకు ఆ నాయకుడంటే ప్రాణం.

ఎంపీటీసీ అని మండలంలో మా ఊరి తరఫున కూర్చునే సీటు ఒకటి ఉంది. ఆసారి అది ఆడవాళ్లకు వచ్చింది. పార్టీ మండల నాయకుడు మా ఇంటికి వచ్చి నన్ను నిలబడమన్నాడు. మా ఇంటాయన అభిమానం చూసి అడిగాడని అందరూ అనుకున్నారు. అది కాదు. నేను అన్ని వీధుల్లోనూ తిరిగే మనిషిని, ఆ ఓట్లు లాగుతానని ఆయన లెక్క. నాకూ ఆశ పుట్టింది. గొర్రెలకు రోగం వచ్చి అవి వరసగా పడిపోతుంటే టీకాలు ఎప్పుడొస్తాయని మండలంలో గట్టిగా అడిగే మనిషి మాకు ఎప్పుడూ లేడు. ఆ మనిషిని నేనే కావాలనుకున్నాను. ఒప్పుకున్నాను. గెలుస్తాననే ఒప్పుకున్నాను. మా గడ్డ ఓట్లు నాయకుడి ముఖం చూసి పడతాయి, పడమటి వీధి ఓట్లలో కొన్ని నా ముఖం చూసి పడతాయి, అది చాలు. నా లెక్క తప్పు కాదని ఇప్పటికీ అంటాను.

దాన్ని చెడగొట్టింది రంగు.

మందలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఏది ఎవరిదో తెలియడానికి ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. మాది వీపు మీద ఎర్రమట్టి జాజుతో గీసిన పట్టె. ఇంకొకరిది మెడ మీద, ఇంకొకరిది తోక దగ్గర. పెద్ద నాయకుడు మార్కాపురం సభకు వస్తున్నాడని, మా ఊరి మలుపు మీదుగానే పోతాడని తెలిసిన రోజు మా ఇంటాయన జాజు పక్కన పెట్టేశాడు. పార్టీ రంగు వంకాయ రంగు. బట్టలకు వేసే రంగు పొడి తెచ్చి, బకెట్లో కలిపి, మంద మొత్తానికి ఒళ్లంతా పూశాడు. నేను ప్రచారం నుంచి ఇంటికి వచ్చేసరికి దొడ్డి నిండా వంకాయలే.

"ఏందయ్యా ఇది?"

"ఎట్లుండాయి?"

"గొర్రెల మాదిరి లేవు."

"ఆయన బండి ఆపి చూడాల. చూడకపోతే అడుగు" అన్నాడు.

ఆ ఫోటో ఫోన్లలో తిరిగింది. అది చూసి మా గడ్డన ఇంకో రెండు ఇళ్ల వాళ్లు కూడా తమ మందలకు అదే రంగు పూశారు. మరుసటి రోజు కుంట దగ్గర నీళ్లకు వదిలితే మూడు మందలూ కలిసిపోయాయి. ఇక చూడాలి. గొర్రెల కాపరులు గుర్తు చెరిపేసుకోవడం అనేది నేను పుట్టాక వినలేదు. ఒకడు చెవి చూస్తాడు, ఒకడు పళ్లు చూస్తాడు, ఇది నాది అంటే నాది అని గొంతులు లేచాయి. నిన్నటిదాకా ఒకే జెండా పట్టుకుని తిరిగినవాళ్లు పొద్దుగూకేదాకా ఒకరినొకరు దొంగ అనుకున్నారు. చివరికి ఆడవాళ్లం పోయి గొర్రెపిల్లలను వదిలితే, తల్లి దగ్గరికి పోయే పిల్లను బట్టి కొన్ని తేలాయి. మిగిలినవి ఒట్టు మీద పంచుకున్నాం. మా ఇంటాయన ఒక ముసలి పొట్టేలును తెచ్చుకున్నాడు. అది మాది కాదని నాకు ఈ రోజుకీ అనుమానం.

సభ రోజు మలుపు దగ్గర మంద నిలబెట్టారు. ఆయన బండి వచ్చింది. నిజంగానే ఆగింది. మా ఇంటాయన కళ్లలో నీళ్లు నేను చూశాను. పెద్ద నాయకుడు పైకి లేచి మైకు తీసుకుని నవ్వాడు. జనం అరుస్తున్నారు. మందకేసి చెయ్యి చూపించి అన్నాడు: "చూశారా, మూగజీవాలకు కూడా ఎవరు మంచివాడో తెలిసిపోయింది. అవతలి పార్టీకి ఓటేసేవాళ్లకు ఈ గొర్రెలకున్న బుద్ధి కూడా లేదు."

మా వాళ్లు ఎగిరి గంతేశారు. ఈలలు, చప్పట్లు. నేను కూడా ముందు నవ్వాను, అబద్ధమెందుకు. నవ్వుతూనే జనం వెనక చూశాను. పడమటి వీధి ఆడవాళ్లు కొందరు నాయకుడెలా ఉంటాడో చూద్దామని ఊరికే వచ్చి నిలబడ్డారు. వాళ్లు వెనక్కి తిరిగి వెళ్లిపోతున్నారు. బండి కదిలి మలుపు దాటిపోయింది. ఆ మాట మాత్రం మా ఊళ్లోనే ఉండిపోయింది.

అది ఎంతదూరం పోయిందో పెద్దమామ ఇంటికి పోతే తెలిసింది. చేలు ఖాళీ అయినా ఆయన నుంచి కబురు రాలేదు. నేనే పోయాను. వాకిట్లో మంచం వాల్చి కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. మర్యాదకు ఏ లోటూ చేయలేదు. మంద ఎప్పుడు తోలమంటావని అడిగాను.

"ఈ ఏడు వద్దులే కోడలా."

"ఎరువు వద్దా మామా?"

"ఎరువు కావాల. ఆ రంగు నా చేలో పడుకోకూడదు."

నేను గ్లాసు కింద పెట్టాను. ఆయనే మళ్లీ అన్నాడు.

"నీ మీద నాకేం లేదు. నువ్వు నిలబడినావని తెలిసిన పొద్దు మా ఇంట్లో ఏమనుకున్నామో తెల్సా? పైన ఎవురికి వేసుకున్నా, ఈ చిన్న ఓటు మన కోడలికే వేద్దామనుకున్నాం. గుంటూరులో మిరపకాయల పనికి పోయిన పిల్లోళ్లను కూడా రావద్దన్నా. కూలి చెడగొట్టుకొని దేనికిలే అని. ఇప్పుడు వాళ్లే ఫోన్ చేసినారు. నాయనా, మనకు గొర్రెలకున్న బుద్ధి లేదన్నాడంట గదా, మేం బస్సెక్కుతుండాం అని."

"ఆ మాట నేననలేదు గదా మామా."

"నువ్వనలే. నీ మందను చూపించి అన్నాడు."

ఇంటికి వచ్చి ఇద్దరం కలిసి గొర్రెలను కుంకుడు రసంతో కడిగాం, సబ్బు పొడితో కడిగాం. వంకాయ రంగు కాస్తా ఉల్లిపాయ రంగైంది కానీ పోలేదు. మా ఇంటాయన నాకంటే గట్టిగా రుద్దాడు. ఆయన తప్పు ఒప్పుకున్నాడనుకునేరు. మంద కట్టే పొలం పోయిందనే బాధ తప్ప, నాయకుడి మాటలో తప్పేముందో ఆయనకు తోచలేదు.

ప్రచారానికి ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. కరపత్రం మీద నాయకుడి ఫోటో తీసేద్దామా అని నేను ఆలోచించాను. మండల నాయకుడు వినగానే ఉలిక్కిపడ్డాడు. ఆయన సంగతి సరే, మా గడ్డన ఒక అవ్వ ఉంది, ఆమెను అడిగాను. ఆమె కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "నీ మొగం చూసి ఎవురేస్తారే. ఆయన మొగం చూసి ఏస్తాం. ఆయన ఫోటో తీసినావంటే నువ్వు అవతలోళ్లతో కలిసినావనుకుంటాం."

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఫోటో ఉంటే పడమటి వీధి పోతుంది. తీస్తే మా గడ్డే పోతుంది. మామూలు నాయకుడైతే ఫోటో ఉన్నా లేకపోయినా ఎవరూ చూడరు. ఈయన ఉప్పులాంటి మనిషి కాదు, కూరలో కలిసిపోవడానికి. పచ్చిమిరపకాయ. కొరికినవాడు ఇష్టపడైనా అరుస్తాడు, మంటెక్కైనా అరుస్తాడు.

ఫోటో ఉంచాను. దాచిపెట్టి ఓటడగడం నాకు చేతకాదు. కానీ పడమటి వీధికి ఆటోలో మైకు పెట్టుకుని పోయాను. ఆటో తోలేది మా ఇంటాయనే. వీధి మధ్యలో ఆపించి మైకు తీసుకున్నాను. 

"మా పెద్ద నాయకుడు మా మందను చూసి అన్న మాట తప్పు. ఆ గొర్రెలు నావి. రంగు పూసింది మేము, వాటికి పార్టీ తెలవదు. మీ బుద్ధికి ఏం తక్కువ లేదు. నా మీద కోపముంటే నాకు వేయొద్దు. ఆయన మాట మీద కోపం మాత్రం నా మీద తీర్చుకోవద్దు" అన్నాను.

తలుపుల దగ్గర నిలబడి విన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. నేను ఇంకా ఏదో చెప్పబోయేలోపు మా ఇంటాయన మైకు తీగ పీకేశాడు. ఆటో రోడ్డెక్కాక అందుకున్నాడు.

"ఏందే ఆ మాట? ఆయనకే తప్పు పడతావా?"

"ఆయనకు కాదు. ఆయన మాటకు."

"ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఆయన కాదా?"

"నీ నోట్లోంచి వచ్చేవన్నీ నువ్వే అనుకుంటే నేను ఎప్పుడో పుట్టింటికి పోయుండేదాన్ని" అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. ఆ రోజు అన్నం నా చేత పెట్టించుకోలేదు, తనే పెట్టుకుని తిన్నాడు.

ఓట్ల రోజు పొద్దున్నే రోడ్డు మీద నిలబడి ఉన్నాను. గుంటూరు నుంచి వచ్చే బస్సులు ఆగుతున్నాయి. దిగుతూనే ఉన్నారు. పెద్దమామ కొడుకులు దిగారు, వాళ్ల వెంట ఆ వీధి నుంచి వలసపోయిన సంసారాలు దిగాయి. చంకలో పిల్లలు, చేతిలో సంచులు. ఇంతమంది ఎప్పుడూ ఎంపీటీసీ ఓటుకు రారు. ఇది చిన్న ఓటు, కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? మా గడ్డ వాళ్లు కూడా హైదరాబాదు నుంచి వచ్చారు, ఆయన పేరు చెప్పుకుంటూ ఊపుగా వచ్చారు. ఆయన ఎవరినీ పడుకోనివ్వలేదు, మా వాళ్లనూ వాళ్లనూ కూడా. పడమటి వీధిలో మామూలుగా ఓటుకు రాకుండా బద్ధకంగా ఉండిపోయేవాళ్లు ఎక్కువ. అందుకే లేచినవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ.

పెద్దమామ పెద్దకొడుకు నా దగ్గరికి వచ్చి వదినా బాగుండావా అని పలకరించాడు. నేను నవ్వితే ఇబ్బంది పడ్డాడు. "నీ మీదికి రాలేదు వదినా. మాకు బుద్ధుందో లేదో ఆయనకు చూపిద్దామని వచ్చినాం" అన్నాడు. ఓటు మాత్రం పడేది నాకు ఎదురు నిలబడినామెకే కదా. ఆ మాట నేను పైకి అనలేదు.

వరుసలో పెద్దమామ కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను పక్కగా పోతుంటే ఆపాడు.

"నువ్వు మైకులో చెప్పింది విన్నా. మా వాళ్లకూ చెప్పినా. కానీ కోడలా, ఆయన మాట ముందు బస్సుకే గుంటూరు పోయింది. నీ మాట ఎనక బండికి పోయింది."

ఆయన ఎవరికి వేశాడో నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడే. అందుకే అడగలేదు.

మార్కాపురం కాలేజీలో లెక్కపెట్టారు. మధ్యాహ్నానికి తేలింది. ఓడిపోయాను. చాలా తక్కువ తేడా. గుంటూరు బస్సుల్లో దిగినవాళ్లలో సగం మంది దిగకపోయి ఉంటే గెలిచేదాన్ని. మండలం మొత్తం చూసినా అదే తీరు. ఊరంతా ఆయన అభిమానులే ఉన్న చోట మా వాళ్లు మామూలు కంటే పెద్దగా గెలిచారు. సగం సగం ఉన్న చోటల్లా ఓడిపోయారు. పెద్దగా గెలిచినా ఒక్క సీటే, కొద్దిగా ఓడినా ఒక్క సీటే. మండలం పోయింది.

ఏడవలేదని చెప్పను. కాలేజీ గోడ పక్కన నిలబడి కొంగు నోట్లో పెట్టుకున్నాను. మా ఇంటాయన ఎక్కడి నుంచో సోడా తెచ్చి ఇచ్చాడు. పెళ్లయ్యాక ఆయన నాకు సోడా తేవడం అదే మొదలు.

కొన్నాళ్లకు ఓడినవాళ్లందరినీ పార్టీ ఆఫీసుకు పిలిచారు. జిల్లా నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఎందుకు ఓడారో చెప్పమన్నాడు. ఒకాయన ఎండ అన్నాడు, ఒకాయన లోపలివాళ్లే చెడగొట్టారన్నాడు, ఒకావిడ తనకు టికెట్ ఆలస్యంగా ఇచ్చారంది. పెద్ద నాయకుడి మాట ఎవరూ ఎత్తలేదు. నా వంతు రాకముందే మండల నాయకుడు అందుకున్నాడు. ఈ అక్క మైకులో మన పెద్ద నాయకుడి మాట తప్పని చెప్పింది, అందుకే ఓడింది అన్నాడు.

నేను లేచాను. నేను ఆ మాట అన్న వీధిలోనే మన పార్టీకి ఎప్పుడూ పడనన్ని ఓట్లు ఈసారి పడ్డాయని మన ఏజెంట్లే చెప్పారు, అడగండి అన్నాను. నాకు పడాల్సిన మిగతావి ఎక్కడ పోయాయో కూడా చెప్పాను. మంద సంగతి, బస్సుల సంగతి చెప్పాను. కొందరు తలవంచుకుని నవ్వారు.

జిల్లా ఆయన నవ్వలేదు. "అయితే ఆయన రాకూడదంటావా అమ్మా?"

"రావాల సార్. రాకపోతే మా గడ్డన సగం ఓట్లు పడవు. వచ్చి ఆ ఒక్క మాట ఆపుకుంటే చాలు."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆ మాట ఆపుకునే మనిషైతే ఆయన వెనక ఇంతమంది ఉండరమ్మా. మీ ఆయన గొర్రెలకు రంగు పూసింది ఆ నోరు చూసే" అన్నాడు.

నిజమే అనిపించింది. మా ఇంటాయన వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఆయన తల ఊపడం నాకు కనబడుతూనే ఉంది. ఆ నాయకుడి సగాన్ని పట్టుకుని ఇంకో సగాన్ని వదలడం ఎవరి వల్లా కాదు. అయినా ఆ సగం ఎవరి మీద పడుతుందో, వాళ్లు ఊరికే పడి ఉండాల్సిన పని లేదు కదా.

వచ్చేసారి మీ ఊరికి ఎవరిని చూద్దామని జిల్లా ఆయన మండల నాయకుణ్ణి అడిగాడు. ఆయన ఏదో పేరు చెప్పబోయాడు. నేను ఇంకా నిలబడే ఉన్నాను.

"మళ్లా నేనే నిలబడతా సార్. ఫోటో కూడా పెట్టుకుంటా. మీరు ఒక్క పని చేయండి. ఆయన మా దారిన వచ్చే పొద్దు నాకు ముందుగా చెప్పండి."

"ఎందుకమ్మా?"

"ఆయన ఏమన్నా అంటే, అది బస్సెక్కకముందే నేను ఆ వీధికి పోయి నా మాట చెప్పుకోవాల. పోయినసారి ఆలస్యం చేసినా."

ఈసారి అందరూ పైకే నవ్వారు, మండల నాయకుడు తప్ప. జిల్లా ఆయన సరేనన్నాడు. చెబుతాడో లేదో ఆయన ఇష్టం. చెప్పకపోయినా మలుపు మా ఊరిదే, నాయకుడి బండి వస్తే నాకు వినబడుతుంది.

ఇంతే నేను రాయగలిగింది. ఒకే మాట రెండు సార్లు రాసి ఉంటాను, రాయాల్సినది వదిలేసి ఉంటాను. అక్షరం తప్పు కనబడిన చోట మీరే దిద్దుకుని చదువుకోండి. ఐదో తరగతి చదువుకు ఇంతకన్నా చేతకాలేదని అనుకుని, మీ ఇంటి ఆడమనిషి తప్పు మన్నించినట్టు నా తప్పులు మన్నించండి.